లెక్కలోకి రాని జ్వరాలు

ఆ శుక్రవారం ఆరోగ్య అధికారి గదిలో కూర్చుని నేను "తగ్గుతున్నది సార్" అన్నాను. ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అప్పటికి నేను ఆ పనిలో చేరి రెండో ఏడు. అంతకు ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా నాన్నది పోచంపల్లి పక్క ఊరు. మగ్గం వదిలేసి చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరి, మమ్మల్ని కొత్తపేటలో ఒక కిరాయి పోర్షన్‌లోకి తెచ్చాడు. నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేశాను. కరోనా తగ్గాక, అంటువ్యాధుల మీద పనిచేసే ఒక పెద్ద డాక్టరమ్మ మనుషుల కోసం వెతుకుతోందని తెలిసి వెళ్లి కలిశాను. ఆమె గుంటూరు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. మేమందరం మేడం అనేవాళ్లం.

"రోగాల లెక్క కట్టేవాళ్లు ఎక్కడో దూరంగా ఉండి మనకి చెబితే కుదరదమ్మా," అంది మొదటి రోజే. "ఏ ఊరి లెక్క ఆ ఊళ్లోవాళ్లే కట్టగలగాలి. నీకు చైతన్యపురి తెలుసు, గడ్డిఅన్నారం తెలుసు. అది పుస్తకంలో ఉండదు."

మా పని పేరు మోడలింగ్. విన్నవాళ్లు ఫ్యాషన్ షో అనుకుని నవ్వేవాళ్లు. ఏ వారం ఎంత వాన పడింది, ఎంత ఎండ కాసింది, ఏ కాలనీలో ఎంతమందికి డెంగీ తేలింది అన్నీ కంప్యూటర్‌కిచ్చి, వచ్చే రెండు మూడు వారాల్లో జ్వరాలు పెరుగుతాయా తగ్గుతాయా అని అంచనా వేయడం. ఆ అంచనా చూసి దోమల మందు కొట్టే మనుషులను ఎక్కడికి పంపాలో అధికారులు నిర్ణయించుకుంటారు. అందుకే అది ఒట్టి కాగితం కాదు.

మొదట్లో మేడం కింద మేం నలుగురం. ఏడాది తిరిగేసరికి ఇద్దరు మాదాపూర్ కంపెనీల్లో చేరిపోయారు, ఒకరు బెంగళూరు వెళ్లారు. వాళ్లను తప్పుపట్టలేను. మా ప్రాజెక్టు ఎప్పుడు ఆగిపోతుందో మాకే తెలియదు. చివరికి మేడం, నేను మిగిలాం. ఒకరు వేసిన లెక్కను ఇంకొకరు చూడాలన్నది మా నియమం. ఆ వానాకాలం మేడంకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు స్క్రీన్ చూడొద్దన్నారు. నా లెక్క చూసేవాళ్లే లేకుండా పోయారు.

ఆ నెల మొదట్లో దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల డెంగీ బాగా పెరిగింది. తర్వాత రెండు వారాలు కేసులు వరుసగా తగ్గాయి. వానలు ఆగలేదు, దోమలు పోలేదు, అయినా తగ్గాయి. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. గురువారం మేడంకు ఫోన్ చేశాను.

"నీకేమనిపిస్తోంది?" అంది.

"తగ్గుతోందనే వస్తోంది మేడం."

"వస్తోందా, అనిపిస్తోందా?"

నేను స్క్రీన్ మీది గ్రాఫు మళ్లీ చూశాను.

"డేటా ఎక్కణ్నుంచి వచ్చిందో చూశావా?"

"చూశాను మేడం. అన్ని ఫైళ్లూ వచ్చినయ్."

ఫైళ్లు వచ్చాయో లేదో చూశాను. అందులో ఎవరున్నారో, ఎవరు లేరో చూడలేదు. ఆ తేడా నాకప్పుడు తెలియదు.

శుక్రవారం అధికారి గదిలో నా గ్రాఫు బల్ల మీద పరిచాను. ఆయన మంచివాడే, పని ఒత్తిడిలో ఉన్న మనిషి. ఉన్న కొద్దిమంది సిబ్బందితో ఎన్నో కాలనీలు చూసుకోవాలి. "జర సీదా చెప్పమ్మా. పెరుగుతదా, తగ్గుతదా?" అన్నాడు. నేను చెప్పాను. ఆయన తేలిగ్గా ఊపిరి తీసుకుని, దిల్‌సుఖ్‌నగర్ టీములను మరో వైపు పంపమని అప్పటికప్పుడే ఫోన్ చేశాడు. నేను మెట్లు దిగుతూ సగంలో ఆగి గ్రాఫు మళ్లీ తెరిచి చూశాను. మొదటిసారి ఒంటరిగా చెప్పాను కదా, అందుకేలే అనుకున్నాను.

ఆదివారం మా పెద్దమ్మ ఇంట్లో ఫంక్షన్‌కని పోచంపల్లి బయల్దేరాను. అమ్మానాన్న ముందు రోజే వెళ్లారు. ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి, బస్సులు ఆగే చోట నిలబడ్డాను. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ అని అరుపులు. నా పక్కన ఒక అమ్మాయి బ్యాగు మీద తల ఆనించి నేల మీదే కూర్చుని ఉంది. ఇరవై రెండు దాటి ఉండవు. కొంతసేపటికి లేచి, డ్రైనేజీ పక్కకు పోయి వాంతి చేసుకుంది. నీళ్ల బాటిల్ ఇచ్చాను.

"ఏమైంది చెల్లె?"

"జ్వరముండె అక్కా. నిన్నటి సంది లేదు. గని కడుపుల మస్తు నొస్తున్నది."

"ఎన్ని రోజులాయె?"

"ఇయ్యాల్టికి ఐదు."

"రక్త పరీక్ష చేయించినవా?"

"లే. హాస్టల్ అక్క ఇంటికి పోయి చూపించుకో అన్నది. మా ఊర్ల ఆర్ఎంపీ ఉన్నడు. గ్లూకోజ్ ఎక్కిస్తడు, మంచిగైతది."

"హాస్టల్ ఎక్కడ?"

"దిల్‌సుఖ్‌నగర్‌ల. గ్రూప్స్‌కు చదువుతున్న. మా రూముల ముగ్గురికొచ్చింది అక్కా. వాళ్లిద్దరు మొన్ననే ఊర్లకు పోయిన్రు."

ఆ చివరి మాట దగ్గర నా ఆలోచన ఆగింది. కానీ దాని గురించి ఆలోచించే సమయం లేదు. డెంగీలో జ్వరం దిగిన రోజే అసలు భయపడాల్సిన రోజని చదివాను. కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే వెంటనే దవాఖానకు పోవాలి. ఆ సంగతి ఎన్ని రిపోర్టుల్లో రాశానో. రాయడం వేరు, ఆ లక్షణాలున్న మనిషి ఎదురుగా నిలబడటం వేరు. నేను డాక్టరును కాదు. నా అంచనా తప్పైతే? ఒట్టి అజీర్తి అయితే?

సూర్యాపేట బస్సు వచ్చింది. అమ్మాయి బ్యాగు ఎత్తుకుంది. నేను బ్యాగు పట్టీ పట్టుకున్నాను.

"ఈ బస్సెక్కకు. ముందు డాక్టరుకు చూపిద్దాం."

"మా నాయిన బస్టాండ్ల చూస్తుంటడు అక్కా."

"ఎక్కుతున్నరా లేదా అమ్మా?" కండక్టర్ అరిచాడు.

నేను పట్టీ వదల్లేదు. బస్సు వెళ్లిపోయింది. ఆ అమ్మాయి నన్ను చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం కాదు, భయం. ముక్కూ ముఖం తెలియని మనిషి తన బ్యాగు పట్టుకుని వదలడం లేదు మరి.

వాళ్ల నాన్నకు ఫోన్ కలిపించి నేనే మాట్లాడాను.

"నువ్వెవరు బిడ్డా? డాక్టరువా?"

"కాదు కాకా. రోగాల లెక్కలు చేసేదాన్ని."

"లెక్కలు చేసేటామెకు నా బిడ్డ పానం సంగతి ఎట్ల ఎరుక?"

న్యాయమైన ప్రశ్న. "నాకు పక్కాగ తెల్వదు," అన్నాను. "తెల్వకనే బస్సెక్కనిస్తలేను. దార్ల ఏమన్నయితే చూసేటోళ్లుండరు."

"నేనే బైలెల్లి ఒస్తున్న. అందాక జర దాని పక్కన ఉండు బిడ్డా," అన్నాడు.

ఆటోలో దగ్గరలోని ఒక దవాఖానకు తీసుకుపోయాను. రక్తం తీశారు. రిపోర్టు వచ్చేదాకా ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సమయం ఎంతో చెప్పలేను. తేలకపోతే ఈ పిల్లకు, వాళ్ల నాన్నకు ఏమని చెప్పాలని ఒక భయం. తేలితే ఆ పిల్లకు ఏమవుతుందోనని ఇంకో భయం. డెంగీయే అని వచ్చింది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి, స్కాన్ చేస్తే పొట్టలో నీరు చేరడం మొదలైందని తేలింది. డ్యూటీ డాక్టర్ వెంటనే ఐసీయూలో చేర్చుకున్నాడు. "ఇంకో మూడు గంటలు బస్సులో కూర్చుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను," అన్నాడు.

అడ్మిషన్ కౌంటర్‌లో ఆమె ఆధార్ కార్డు ఇచ్చాను. కంప్యూటర్ ముందున్నామె చకచకా టైపు చేస్తోంది. ఊరు, మండలం, సూర్యాపేట జిల్లా.

"ఈమె ఉండేది దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో కదా," అన్నాను.

"మేం కార్డు మీదున్న అడ్రసే ఎక్కిస్తం మేడం."

"అందరికీ అంతేనా?"

"అందరికీ అంతే."

అప్పుడు అర్థమైంది. మాకు కేసులు అడ్రసును బట్టి వస్తాయి. హాస్టల్ పిల్లలు ఇక్కడే పరీక్ష చేయించుకుంటే ఊరి పేరుతో లెక్కకెక్కుతున్నారు. చేయించుకోకుండా ఊరికి పోతే ఎక్కడా ఎక్కడం లేదు. నెల మొదట్లో పెరిగిన కేసులు స్థానిక కుటుంబాలవి. వాళ్లు జాగ్రత్త పడ్డారు, తగ్గాయి. జ్వరం పక్కనున్న హాస్టళ్లలోకి పాకింది. అక్కడి నుంచి ఎల్బీ నగర్ వచ్చి బస్సెక్కి ఊళ్లకు పోతోంది. నా గ్రాఫులో మాత్రం కిందికి దిగుతోంది. ఇప్పుడు దోమల టీములు కూడా అక్కడ లేవు, నేను చెప్పాను కాబట్టే లేవు.

సాయంత్రానికి వాళ్ల నాన్న వచ్చాడు. మంచం పక్కన నిలబడి బిడ్డ అరికాలు పట్టుకున్నాడు. నేను పెద్దమ్మకు రాలేనని ఫోన్ చేసి ఇంటికెళ్లాను.

సోమవారం పొద్దున్నే ఆ హాస్టల్‌కు వెళ్లాను. దాన్ని నడిపేది చౌటుప్పల్ దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక యాభై ఏళ్ల ఆడమనిషి. బిల్డింగు కిరాయికి తీసుకుని నడుపుతోంది. నన్ను గుమ్మంలోనే ఆపింది.

"ఏంది? కార్పొరేషన్ మనిషివా? సీజ్ చేస్తవా?"

"కాదక్కా. మీ పిల్లల్ల ఎందరికి జ్వరమొచ్చిందో తెలుసుకుందామని ఒచ్చిన."

"మాతాన ఎవ్వరికి రాలే."

నేను ఆదివారం సంగతి చెప్పాను. ఆ అమ్మాయి ఐసీయూలో ఉందనగానే ఆమె ముఖం పాలిపోయింది. గుమ్మం మీదే కూలబడింది.

"నేను గంజి కాసి పోసిన అమ్మా ఆ పిల్లకు," అంది. "జ్వరం దిగింది కదా అని పంపిన. తల్లిదండ్రులు కూడ పంపియ్యమనే అంటరు. నా హాస్టల్ పేరు బయటికొస్తే ఒక్క పిల్లన్న ఉంటదా? నేనేం చేయాలె?"

తర్వాత లోపలికి పోయి రిజిస్టర్ తెచ్చింది. పిల్లలు బయటికి పోయేటప్పుడు సంతకం చేసే పుస్తకం. కారణం అన్న చోట "జ్వరం, ఊరికి", "జ్వరం, ఊరికి". ఒక పేజీ నిండింది, రెండో పేజీలోకి వచ్చింది. నేను వేళ్లతో ఒక్కొక్క పేరూ తాకుతూ చదివాను. డాబా మీదికి తీసుకెళ్లమన్నాను. పాత కూలరు, మూత లేని డ్రమ్ములు. ఒక డ్రమ్ములోకి ఫోన్ లైటు వేస్తే సన్నటి పురుగులు పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఆమె, నేను కలిసి ఆ డ్రమ్మును పక్కకు వంచాం. నీళ్లు డాబా అంతా పారాయి.

ఆ పొద్దున ఆ వీధిలో ఇంకో ఐదారు హాస్టళ్ల తలుపులు కొట్టాను. కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్ల దగ్గర అదే కథ.

అక్కడి నుంచి నేరుగా మేడం ఇంటికి పోయాను. ఆమె నల్లకళ్లద్దాలు పెట్టుకుని రేడియో వింటోంది. చెప్పడం మొదలుపెట్టానో లేదో ఏడుపొచ్చింది. ఆమె ఆపలేదు, మొత్తం విన్నది.

"నేనెందుకు అడగలేదు?" అంది చివరికి. "డేటా ఎక్కణ్నుంచి వచ్చిందని అడిగాను గాని, ఎవరి అడ్రసుతో వచ్చిందని అడగలేదు. ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. నువ్వు ఒక్కదానివే చేసిన తప్పు కాదమ్మా ఇది."

"సార్‌కు ఫోన్ చేసి చెప్తా మేడం."

"ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. పద వెళ్దాం, నేనూ వస్తాను."

"మీ కన్ను..."

"కన్ను నేను చూసుకుంటాలే. ఆటో పిలువు."

ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాను. అధికారి గదిలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. మేడం మాట్లాడుతుందేమో అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి ఆగింది. చెప్పాల్సింది నేనే అని అర్థమైంది.

"శుక్రవారం నేను చెప్పింది తప్పు సార్."

ఆయన పెన్ను కింద పెట్టాడు. నేను రిజిస్టర్ల ఫోటోలు చూపిస్తూ అంతా చెప్పాను.

"ఏందమ్మా ఇది? మొన్న తగ్గుతున్నది అంటివి. టీములను పంపిస్తి. ఇయ్యాల పెరుగుతున్నది అంటివి. వచ్చే సోమవారం ఏమంటవు? పైనోళ్లకు నేనేం చెప్పాలె?"

"నేను తప్పు చెప్పిన్నని చెప్పండి సార్."

"సరే, మరి ఎంతమంది? ఒక్క నంబరు చెప్పు."

శుక్రవారం అయితే చెప్పేసేదాన్ని. ఆ నంబరు ఆయనకు కావాలి, ఆయన పైవాళ్లకు కావాలి. నాకూ చెప్పాలనే ఉంది, గదిలోంచి బయటపడొచ్చు. "నంబరు నాకు తెల్వదు సార్," అన్నాను. "ఏ వీధులో తెలుసు. హాస్టళ్ల లిస్టు తెచ్చిన. ఎవరిని అడగలేదో కూడ రాసిన. మిగిలింది మీ మనుషులు పోయి చూస్తేనే తెలుస్తది."

ఆయన చాలాసేపు ఆ లిస్టు చూశాడు. కోపం తగ్గలేదు గాని, ఫోన్ తీశాడు. రెండు టీములు వెనక్కి వచ్చాయి. రెండే. మిగతావాళ్లు వేరేచోట పనిలో ఉన్నారు. వాళ్లను తేవడానికి ఇంకో వారం పట్టింది.

ఆ వారమంతా నేను రిజిస్టర్లలోని పేర్లకు ఫోన్లు చేశాను. హాస్టల్ ఆమె కూడా నా పక్కన కూర్చుని చేసింది. నా గొంతు వింటే తల్లిదండ్రులు భయపడుతున్నారని, ఆమే ముందు మాట్లాడి నాకు ఇచ్చేది. కొందరు కోలుకుంటున్నారు. కొందరిని వెంటనే దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పాం, తీసుకుపోయారు. ఒక పిల్ల నంబరు మాత్రం మొదటి రోజు మోగింది, ఎవరూ ఎత్తలేదు. రెండో రోజు నుంచి స్విచాఫ్. ఊరి పేరు ఒక్కటే రాసి ఉంది, ఆ పేరుతో మూడు నాలుగు ఊళ్లున్నాయి. కోచింగ్ సెంటర్‌లో అడిగితే క్లాసులకు రావడం లేదన్నారు. అంతకుమించి మాకు తెలియలేదు. ఫోన్ మార్చుకుని ఉండొచ్చు. చదువు మానేసి ఉండొచ్చు. ఇప్పటికీ తెలియదు.

ఎల్బీ నగర్‌లో దొరికిన అమ్మాయి నాలుగు రోజులకు ఐసీయూ నుంచి బయటికొచ్చింది, వారానికి ఇంటికి పోయింది. వాళ్ల నాన్న వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకున్నాడు. దండం పెట్టబోతే ఆపాను. ఆ దండానికి నేను తగను అని చెప్పాలనిపించింది. కానీ శుక్రవారం సంగతి ఆయనకు చెప్పే ధైర్యం రాలేదు. అది కూడా నా మనసులో అట్లాగే ఉండిపోయింది.

జ్వరాలు దసరా దాటాక గాని తగ్గలేదు. ముందే టీములు అక్కడ ఉండి ఉంటే ఎంత తేడా ఉండేదో లెక్క కట్టొచ్చు. నాకు ఆ లెక్క వచ్చు. ఒకసారి ఫైలు తెరిచి, సగంలో మూసేశాను. నెల తర్వాత మేడమే కూర్చుని ఆ లెక్క పూర్తి చేసి, మా తప్పును మా పేర్లతోనే రిపోర్టులో రాసింది. "తర్వాత వచ్చేవాళ్లు చదవాలిగా," అంది.

ఆ తర్వాత మా పని పద్ధతి మారింది. అధికారిని ఒప్పించి, పేషెంటు ఇప్పుడు ఎక్కడుంటున్నాడో అడిగే ఒక గడి దవాఖానల ఫారాల్లో పెట్టించడానికి చాలా తిరిగాం. కొన్నిచోట్ల పెట్టారు. హాస్టళ్ల వాళ్లతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఎవరినీ సీజ్ చేయరని మాటిచ్చాకే చేరారు. చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల నుంచి స్టాటిస్టిక్స్ పిల్లలను తెచ్చి నేర్పడం మొదలుపెట్టాం. మొదటి రోజు వాళ్లకు కంప్యూటర్ ఇవ్వను. ల్యాబులకు, దవాఖానలకు, హాస్టళ్లకు తిప్పి, ఒక మనిషి పేరు కాగితం మీద నుంచి మా ఫైలులోకి ఎట్లా వస్తుందో, దారిలో ఎక్కడెక్కడ జారిపోతుందో చూపిస్తాను. ఎండలో తిరగలేక కొందరు రెండో రోజు రారు.

ఈ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. పాత ఏళ్ల వానలను చూసి నేర్చుకున్న మా మోడల్‌కు ఇట్లాంటి వాన తెలియదు. కొత్త జ్వరం ఏదైనా వస్తే దానికి పాత లెక్కే ఉండదు. మేడం రిటైరైంది. నేను నేర్పినవాళ్లలో ముగ్గురు నాతో పనిచేస్తున్నారు. పోయిన వారం వాళ్లలో అందరికన్నా బాగా చేసే అమ్మాయి రాజీనామా ఇచ్చింది. కంపెనీలో ఉద్యోగం వచ్చింది.

"ఏమనుకోకండి మేడం," అంది తల దించుకుని.

"ఏమనుకుంట?" అన్నాను. "నోటీసు ఎన్ని రోజులుంది?"

"నెల."

"ఈ నెల రోజులు కొత్తగా ఏం చేయకు. నీకు తెలిసిందంతా మిగిలిన ఇద్దరికి నేర్పు. నువ్వు వేసిన లెక్క వాళ్లు విప్పి చూడాలె. తప్పు దొరికేదాక వదలొద్దని చెప్పు."

ఆమె సరేనని తన కుర్చీని వాళ్ల బల్ల దగ్గరికి లాక్కుంది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకుంటుంటే నేను కాసేపు చూస్తూ నిలబడ్డాను. బయట వాన పట్టింది. ఫోన్ తీసుకుని హాస్టళ్ల వాళ్లకు వరుసగా చేయడం మొదలుపెట్టాను.